అలారం మోగినా పని ఎందుకు మిగిలిపోతోంది?

మానసిక ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, నిలకడ లేకపోవడం వంటి లక్షణాలతో చిన్నతనంలోనే మొదలయ్యే సమస్య) ఉన్నవారు ఫోన్‌ను, ఇతర పరికరాలను రోజువారీ పనులకు ఎలా వాడుకోవాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబిస్తున్నాను. మొదటి ఉత్తరంలోని ఇబ్బంది చాలా ఇళ్లలో ఉన్నదే కనుక దానికి కొంత వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. హనుమకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఇద్దరు పిల్లలు. నాకు ఏడీహెచ్‌డీ ఉందని నిరుడు తేలింది. మందులు మొదలుపెట్టాక తరగతిలో మనసు నిలుస్తోంది కానీ ఇంటి పనులు మాత్రం దారికి రావడం లేదు. పొయ్యి ఆరిపోయాక గానీ గ్యాస్ బుక్ చేయాలని గుర్తు రాదు, గడువు దాటాక గానీ కరెంటు బిల్లు కట్టను, చిన్నపాప టీకా తేదీ కూడా తప్పిపోయింది. పనుల జాబితా రాసుకొనే యాప్‌లు ఒకదాని తర్వాత ఒకటి వేసుకున్నాను. ఏదైనా కొన్ని వారాలు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత దాన్ని తెరవడమే మరిచిపోతాను. ఫోన్ గుర్తు చేసినా పని చేయకపోతే అది మరుపు కాదు, నిర్లక్ష్యం అని మావారు అంటున్నారు. నాకు సరిపోయే యాప్ ఏదో చెప్పగలరా?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: యాప్ సంగతికి వచ్చే ముందు మీవారి మాటకు జవాబు చెప్పాలి. ఏడీహెచ్‌డీలో లోపించేది తెలివీ కాదు, ఇల్లు పిల్లల మీద పట్టింపూ కాదు. చేయవలసిన పనిని కాసేపు మనసులో నిలుపుకోవడం, ఎంత సమయం గడిచిందో అంచనా వేసుకోవడం, చేస్తున్న పని వదిలి వేళకు మరో పనికి మళ్లడం, ఈ మూడూ మిగతావారికి ఉన్నంత సులువుగా వీరికి ఉండవు. ఏం చేయాలో తెలియకపోవడం కాదు, తెలిసిన పనిని ఆ వేళకు చేయలేకపోవడమే ఇందులోని అసలు ఇబ్బంది అని దశాబ్దాల పాటు దీనిపై పరిశోధన చేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రసెల్ బార్క్‌లే వివరిస్తారు. అందువల్ల గుర్తు చేసేది ఏదైనా సరే, పని జరిగే చోట, పని చేయగలిగే క్షణంలో కళ్లెదుట ఉండాలని ఆయన చెబుతారు. మీ ఫోన్ గుర్తు చేస్తున్న మాట నిజమే. అది ఎప్పుడు, ఎక్కడ గుర్తు చేస్తోందో ఒకసారి గమనించండి.

ఉదయం పదకొండు గంటలకు మీరు బోర్డు మీద లెక్క చేస్తుండగా, బల్ల మీద ఉన్న ఫోన్‌లో ‘కరెంటు బిల్లు’ అని ఒక వరుస మెరుస్తుంది. చేతిలో చాక్‌పీసు, ఎదురుగా తరగతి నిండా పిల్లలు. తర్వాత చూద్దామనుకొని దాన్ని వేలితో పక్కకు తోస్తారు. మరొకరికైతే ఆ మాట ఇంటర్వెల్ దాకా మనసులో మెదులుతూ ఉంటుంది, మీకు మాత్రం తెర మీద నుంచి పోవడంతోనే మనసులో నుంచి కూడా పోతుంది. ఇందులో నిర్లక్ష్యం ఎక్కడా లేదు. ఏమీ చేయలేని వేళకు పెట్టుకున్న రిమైండర్ అది, అంతే. బిల్లు సంగతి గుర్తు చేయవలసింది మీరు ఇంటికి వచ్చి, టీ తాగి, ఫోన్ చేతిలోకి తీసుకొనే వేళకు. దాని మీద ‘కరెంటు బిల్లు’ అని కాకుండా ‘ఇప్పుడే ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టు’ అని చేయవలసిన పనినే రాయండి. మౌనంగా వచ్చి పోయే నోటిఫికేషన్‌ను నమ్ముకోకండి. కుక్కర్ విజిల్ మనం చూసినా చూడకపోయినా వంటింట్లోకి పిలిచినట్టు, ముఖ్యమైన పనికి ఆపేదాకా మోగే అలారమే పెట్టుకోవాలి. పని పూర్తయ్యే వరకు దాన్ని ఆపేయకుండా పది నిమిషాల పాటు వాయిదా మాత్రమే వేయడం నియమంగా పెట్టుకోండి.

ఇంతకంటే మేలైన దారి మరొకటి ఉంది. అసలు అలారమే అక్కరలేకుండా, ఎలాగూ జరిగే ఒక పనికి మరో పనిని ముడివేయడం. మీ ఇంట్లో రెండు సిలిండర్లు ఉంటే, ఒకటి అయిపోయి రెండోదానికి రెగ్యులేటర్ బిగించిన చేత్తోనే, వంటింట్లో నుంచి కదలకుండా, ఖాళీ అయినదానికి బుక్ చేయండి. మీటర్ రీడింగ్ తీసే ఉద్యోగి గేటు దగ్గర బిల్లు కాగితం చేతికిస్తే, దాన్ని ఫ్రిజ్ మీద పెట్టకుండా అక్కడే నిలబడి ఫోన్‌లో కట్టేయండి. మీరు బడిలో ఉండగా ఆ కాగితం వస్తే ఈ పని మీవారు చేయవచ్చు. ఆటోపే సదుపాయం ఉన్న చెల్లింపులన్నింటినీ జీతం పడిన తర్వాతి తేదీకి పెట్టుకోండి. సాధారణంగా డబ్బు కోతపడడానికి 24 గంటల ముందే మీకు సందేశం వస్తుంది కనుక ఖాతాలో సొమ్ము సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. గుర్తుపెట్టుకోవలసిన పనులు ఎన్ని తగ్గితే మిగిలినవాటికి మీ శ్రద్ధ అంత మిగులుతుంది.

యాప్‌లు కొన్ని వారాలకే మూలపడడానికి కారణం మీ పట్టుదల లేమి కాదు. కొత్తదనం, ఆసక్తి, తరుముకొచ్చే గడువు ఉన్నప్పుడే ఏడీహెచ్‌డీ ఉన్నవారి మెదడు చురుకుగా స్పందిస్తుంది. ముఖ్యమైన పని అన్న ఒక్క కారణం చాలదు. రంగులు, గుర్తులు, విభాగాలు ఎక్కువగా ఉన్న యాప్ మొదట్లో ఆ కొత్తదనంతోనే ఆకట్టుకుంటుంది, అది అరిగిపోగానే దాన్ని నిర్వహించడమే మరో బరువైన పనిగా మారుతుంది. మందులు వాడుతున్నా లక్షణాలు మిగిలి ఉన్న 86 మంది పెద్దలపై అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. ఆలోచనా విధానాన్ని, ప్రవర్తనను సరిదిద్దే సీబీటీ చికిత్స పొందినవారికి, కేవలం విశ్రాంతి పద్ధతులు నేర్చుకున్నవారి కంటే ఎక్కువ మేలు జరిగిందని అందులో తేలింది. ఆ చికిత్సలో ముందుగా నేర్పేది ఒక క్యాలెండర్, ఒక పనుల జాబితా పెట్టుకొని రోజూ చూసుకోవడమే. నాకు ఇందులో నచ్చేది ఆ ‘ఒక’ అన్న పరిమితి.

కాబట్టి మీరు అడిగిన యాప్ విషయంలో నా సలహా చాలా సాదాగా ఉంటుంది. తేదీ, వేళ ఉన్నవన్నీ ఫోన్‌తో పాటే వచ్చిన క్యాలెండర్‌లో వేయండి. టీకా వంటి వాటికి ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరవలసిన వేళకు మరోసారి గుర్తు చేసేలా పెట్టండి. ఆస్పత్రిలో ఉండవలసిన వేళకు కాదు, ఇంట్లో చెప్పులు తొడుక్కోవలసిన వేళకు. తేదీ లేని పనులన్నీ ఒకే చోట పడాలి. అది గూగుల్ వారి నోట్సు యాప్ కీప్ కావచ్చు, వాట్సాప్‌లో మీకు మీరే సందేశం పంపుకొనే చాట్ కావచ్చు. పిల్లల బడి గ్రూపులో వచ్చే సర్క్యులర్లను ఆ చాట్‌కు ఫార్వర్డ్ చేసుకోవడం తేలికే కానీ, రాసుకోవడానికి వాట్సాప్ తెరిచి మిగతా సందేశాల్లో మునిగిపోయే అలవాటు ఉంటే కీప్‌ను ఫోన్ మొదటి తెర మీదే విడ్జెట్‌గా పెట్టుకోవడం మంచిది. టైపు చేసే ఓపిక లేనప్పుడు గూగుల్ కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి తెలుగులోనే చెప్పవచ్చు.

గోడ క్యాలెండర్‌ను మాత్రం తీసేయకండి. పాల లెక్క రాసుకొనే ఆ గళ్లలోనే సిలిండర్ మార్చిన తేదీ, ఫీజు గడువు, టీకా తేదీ పెద్ద అక్షరాలతో రాయండి. ఫోన్‌లో ఉన్నది మీ ఒక్కరికే కనిపిస్తుంది, గోడ మీద ఉన్నది మీవారికీ, అత్తగారికీ, పెద్దపిల్లకూ కనిపిస్తుంది. రాత్రి భోజనాలయ్యాక దంపతులిద్దరూ దాని ముందు నిలబడి రేపటి పనుల్లో ఏది ఎవరిదో పంచుకుంటే చాలు. అది మీరొక్కరే మోయవలసిన బరువుగా నేను అనుకోవడం లేదు. ఈ జవాబును మీవారు కూడా చదవాలని కోరుతున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను గోదావరిఖనిలో సింగరేణి కార్మికుణ్ణి. మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ ఉన్నట్టు పదో తరగతిలోనే తెలిసింది. ఇప్పుడు వరంగల్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాడని స్మార్ట్‌ఫోన్ తీసుకొని బటన్ల ఫోన్ ఇచ్చాను. ఇప్పుడేమో గ్రూపులో పెట్టిన పరీక్ష మార్పు తెలియలేదని, మాత్ర వేసుకోవడం మరిచిపోయానని అంటున్నాడు. నేను చేసింది తప్పా?
– ఒక తండ్రి, గోదావరిఖని

జవాబు: మీ భయం న్యాయమైనదే. ఒకదాని తర్వాత ఒకటిగా వాటంతట అవే వచ్చే చిన్న వీడియోల నుంచి బయటపడడం ఎవరికైనా కష్టం, మీ అబ్బాయికి మరింత కష్టం. నిద్ర చెడితే మరునాడు ఏడీహెచ్‌డీ లక్షణాలు ఇంకా ముదురుతాయి. కానీ అతనికి ఆ ఫోనే క్లాసు పట్టిక, మాత్ర వేళ, పరీక్ష తేదీ గుర్తు చేసే జ్ఞాపకం కూడా. మీరు వీడియోలతో పాటు దాన్నీ తీసేసుకున్నారు. ఫోన్ తిరిగి ఇవ్వండి, అయితే రాత్రి పూట అది మంచానికి దూరంగా ఉండే ఏర్పాటు అతనితో మాట్లాడి చేయండి. గదికి అవతలి మూల ఛార్జింగ్‌కు పెట్టడం, ఉదయం లేవడానికి మామూలు టేబుల్ గడియారం కొనివ్వడం సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఒక్కో యాప్‌కు రోజువారీ పరిమితి పెట్టవచ్చు, ఫోకస్ మోడ్‌తో కొన్ని యాప్‌లను కాసేపు నిలిపివేయవచ్చు. కానీ పెట్టినవారే దాన్ని క్షణంలో తీసేయగలరు కనుక ఆ పరిమితి ఒక హెచ్చరికగా పనికొస్తుందే తప్ప, దూరంగా పెట్టిన ఫోన్‌తో సమానం కాదు.

చదువుకు పొమొడోరో పద్ధతిని చాలామంది సూచిస్తారు. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో రూపొందించిన ఈ పద్ధతిలో 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు విరామం తీసుకుంటారు. ఆ 25 అన్న అంకెను పట్టుకొని కూర్చోనక్కరలేదు. పుస్తకం తెరవడమే కష్టంగా ఉన్న రోజున పది నిమిషాలకు టైమర్ పెట్టుకోమనండి, పట్టు దొరికి చదువు సాగుతున్నప్పుడు టైమర్ మోగిందని ఆపనక్కరలేదు. మిగిలిన సమయం రంగుగా తరుగుతూ కనిపించే టైమర్ అయితే మరింత మంచిది, ఎందుకంటే అంకెల్లో చదివే సమయం కంటే కంటికి కనిపించే సమయం వీరికి బాగా అందుతుంది. ఒంటరిగా గదిలో కూర్చోవడం కంటే గ్రంథాలయంలోనో స్టడీ హాల్‌లోనో చదివేవారి పక్కన కూర్చుంటే చాలామందికి చదువు సాగుతుంది.

ఈ యాప్‌లన్నింటి కంటే మీ ఫోన్ కాల్ బలమైనది. షిఫ్టు మారినప్పుడల్లా కుదిరే వేళ ముందే అతనికి చెప్పి, రోజూ ఆ వేళకు కాల్ చేయండి. “చదివినవా?” అని అడిగితే అబద్ధం చెప్పడమో చిన్నబోవడమో జరుగుతుంది. “ఇప్పుడు ఏ పుస్తకం తీస్తున్నవు బిడ్డా?” అని అడిగి, తీసేదాకా లైన్‌లో ఉండండి. మాత్రలకు వారం రోజుల గళ్లున్న డబ్బా కొనివ్వండి. వేసుకున్నాడో లేదో గడిని చూస్తే తెలుస్తుంది, వాదన ఉండదు. మందు మోతాదు గానీ వేళ గానీ మార్చవలసింది మాత్రం వైద్యులే.

ప్రశ్న: నా వయసు 41. ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. తాళంచెవులు, బండి కాగితాలు, రైతుల తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క చీటీలు) ఎక్కడ పెట్టానో గుర్తుండదు. నాకు ఏడీహెచ్‌డీ ఉందేమోనని ఒక మిత్రుడు అన్నాడు. స్మార్ట్ వాచీ, తాళాలకు తగిలిస్తే అవి ఎక్కడున్నాయో ఫోన్‌లో చూపే ట్యాగు కొంటే ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వాచీ మీకు పనికొస్తుంది. మిర్చి సీజన్‌లో కాంటాల దగ్గర, హమాలీల కేకల మధ్య ఫోన్ మోత వినపడదు, మణికట్టు మీద అదురు మాత్రం తెలుస్తుంది. ఖరీదైనది అక్కరలేదు, అలారానికి అదిరితే చాలు. వచ్చే ప్రతి సందేశానికీ అదరకుండా మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి, లేకపోతే వారంలోనే ఆ అదురును పట్టించుకోవడం మానేస్తారు. ట్యాగు కొనే ముందు అది మీ ఫోన్‌తో పనిచేస్తుందో లేదో చూసుకోండి. ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ ఐఫోన్‌తోనే నడుస్తుంది, ఆండ్రాయిడ్‌కు వేరే ట్యాగులు ఉన్నాయి. అంతకంటే ముందు ఇంటి గుమ్మం పక్కన ఒక కొక్కెం కొట్టి, చెప్పులు విప్పకముందే తాళాలు దానికి తగిలించడం మొదలుపెట్టండి. బండి కాగితాల బెంగ పూర్తిగా వదిలేయవచ్చు. పత్రాలను ఫోన్‌లో దాచుకొనే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో ఉన్న లైసెన్సు, ఆర్‌సీ అసలు పత్రాలతో సమానమేనని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు తెలియజేసింది. తక్‌పట్టీలు రైతుల డబ్బు లెక్క కనుక, రాసిన వెంటనే ఫోటో తీసి, కాగితాన్ని ఒకే క్లిప్పు ప్యాడుకు పెట్టండి.

మీకు ఏడీహెచ్‌డీ ఉందో లేదో ఉత్తరం చూసి చెప్పలేను, మీ మిత్రుడూ చెప్పలేరు. పెద్దవయసులో బయటపడినా దీని లక్షణాలు 12 ఏళ్లలోపే ఉండి ఉండాలన్నది నిర్ధారణలో ఒక షరతు. ఈ మధ్యే మొదలైన మతిమరుపు అయితే నిద్రలేమి, థైరాయిడ్, కుంగుబాటు, ఆందోళన వంటి కారణాలను ముందు చూడాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక చికిత్స విభాగం ఉంది. వెళ్లడానికి సంకోచంగా ఉంటే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీమానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు చిన్ననాటి ప్రోగ్రెస్ కార్డులు దొరికితే పట్టుకెళ్లండి, దొరకకపోతే ఆ వయసులో మిమ్మల్ని చూసిన అమ్మగారినో అక్కగారినో వెంట తీసుకెళ్లండి.