వెబ్ డిజైనర్ అవుతానంటున్న అమ్మాయి, టెన్షన్ పడుతున్న నాన్న

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, వెబ్ డిజైనర్ అవుతానని పట్టుబట్టింది. పుస్తకం ముందు కూర్చున్నా ధ్యాస అక్కడ ఉండదు. వాళ్ల నానమ్మ ఫోన్ తీసుకుని అక్షరాలు పెద్దవి చేసి, స్క్రీన్ మీద ఉన్నవన్నీ తీసేసి నాలుగే ఉంచింది. ఇప్పుడు మా అమ్మ ఆ ఫోన్ మళ్లీ మార్చనివ్వడం లేదు. మొన్న బంధువుల శుభలేఖ వాట్సాప్‌లో వస్తే, పసుపు మీద ఎర్రక్షరాలు కనపడట్లేదని వాళ్ల ముందే అనేసింది. పరువు పోయింది. విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల యూఐ-యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల రూపకల్పన) కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఫీజు 1.2 లక్షలు, అడ్వాన్సు 5 వేలు కట్టాను. మా అన్నయ్య కొడుకు సీఎస్‌ఈ చేసి హైదరాబాద్‌లో సెటిలయ్యాడు. బీటెక్, డిజైన్ డిగ్రీ, ఈ కోర్సు, మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు. లాప్‌టాప్ కూడా అడుగుతోంది, ఏది కొనాలి?
ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ ఉత్తరంలో మీరు రాయకుండా అడిగిన ప్రశ్న ఇంకొకటుంది. ‘రేపు ఈ పిల్ల తన కాళ్ల మీద తను నిలబడుతుందా? దాని మాట విని నేనే దాని జీవితం పాడు చేసినవాణ్నవుతానా?’ ఏటా దసరా దాటాక ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. కోర్సు పేరు మారుతుందంతే. ఒకప్పుడు మల్టీమీడియా అన్నారు, తర్వాత యానిమేషన్ అన్నారు, ఇప్పుడు యూఐ-యూఎక్స్ అంటున్నారు. భయం మాత్రం అదే.

నిలబడుతుందండీ. ఊరడించడానికి చెప్పే మాట కాదిది. మీరు ఫిర్యాదుగా రాసిన రెండు సంగతులు చూసి చెబుతున్నాను.

మొదటిది నానమ్మ ఫోన్. ఆవిడకు ఏం కావాలో, ఎక్కడ తడబడుతోందో గమనించి, అక్కర్లేనివి తీసేసి, అక్షరం సైజు పెంచింది. ఆవిడ ఇప్పుడు దాన్ని మార్చనివ్వట్లేదని మీరే రాశారు. వాడే మనిషికి నచ్చి, ఆ మనిషి వదలనంటే ఆ పని కుదిరినట్టే. పెద్ద కంపెనీల్లో డిజైనర్లు నెలల తరబడి కష్టపడేది అందుకే.

రెండోది శుభలేఖ. మీ పరువు సంగతి తర్వాత మాట్లాడదాం. అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. తెర మీద అక్షరం రంగుకూ దాని వెనక రంగుకూ మధ్య తేడాను కొలవడానికి ఒక లెక్క ఉంది. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు ఆ తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. పెద్ద అక్షరాలకైతే 3కి 1 చాలు. అచ్చమైన పసుపు మీద అచ్చమైన ఎరుపు పెడితే అది సుమారు 3.7 వస్తుంది. అంటే పెద్దక్షరాల్లో ఉన్న వధూవరుల పేర్లు కనిపిస్తాయి. కింద చిన్నక్షరాల్లో రాసిన ముహూర్తం, కల్యాణ మండపం అడ్రసు సరిగ్గా కనిపించవు. వచ్చేవాళ్లకు కావలసింది ఆ రెండే. పసుపు మన శుభం రంగు, దాన్ని మార్చనక్కర్లేదు. ఎరుపును బాగా ముదిరిన కుంకుమ రంగు చేస్తే అదే లెక్క 10 దాటిపోతుంది. మీ అమ్మాయికి ఈ అంకెలు తెలిసి ఉండకపోవచ్చు, కన్ను మాత్రం చెప్పేసింది. అంకెలు నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

‘రంగులు వేసుకునే పని తిండి పెడుతుందా’ అని మీ ఇంట్లో ఎవరో ఒకరు ఈపాటికి అనే ఉంటారు. అందుకని ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను.

మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్ బయట నిలబడి ఫోన్‌లో టికెట్ వెతికారా ఎప్పుడైనా? తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిద రంగులో సీటు నంబరు ఉంటుంది. చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చిట్లించి చూడాలి. ఆ బూడిద రంగు ఏసీ గదిలో, పెద్ద మానిటర్ మీద చూసుకున్నవాళ్లకు ఎంతో నాజూగ్గా కనిపించింది. అసలు వాడేవాళ్లు ఎండలో నిలబడతారని వాళ్లకు తట్టలేదు. కంప్యూటర్‌లో 999999 అనే సంఖ్యతో పిలిచే బూడిద రంగుకు తెలుపు మీద ఆ తేడా 3 కూడా దాటదు. దాన్ని 767676 దాకా ముదురు చేస్తే 4.5 దాటుతుంది. మార్చింది ఆ ఒక్క అంకెనే. దాంతో బస్టాండ్‌లో నిలబడ్డ పెద్దాయన పక్కవాళ్లను అడగకుండా తన సీటు తనే చూసుకుంటాడు.

ఇంకొకటి, మన తెలుగువాళ్లకే తెలిసే బాధ. చాలా యాప్‌లు ముందు ఇంగ్లిష్‌లో తయారవుతాయి, తెలుగు తర్వాత అతికిస్తారు. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచి చేసిన బటన్‌లో ‘రాష్ట్రం’ అని పెట్టండి, కింద వత్తులు సగానికి తెగిపోతాయి. ‘సబ్‌మిట్’ పట్టిన చోట ‘సమర్పించండి’ పట్టక చివరక్షరాలు మాయమవుతాయి. శుభలేఖలకూ ఫ్లెక్సీలకూ డీటీపీ సెంటర్లలో పాత అను ఫాంట్లలో కొట్టిన మాటర్‌ని అలాగే తెచ్చి వెబ్‌సైట్‌లో వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాదు. తెగిన వత్తు కంట్లో నలుసులా గుచ్చుకునే మనిషి ఆ కంపెనీలో ఒక్కరున్నా ఈ తప్పులు బయటికి రావు. మీ అమ్మాయి ఆ ఒక్కరు కాగలదని నా నమ్మకం.

అక్కర్లేని పనేమీ కాదిది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. బ్యాంకు, ఆస్పత్రి, కరెంటు బిల్లు, రేషన్, అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాక వాటిని చూపు తక్కువైనవాళ్లూ, ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియనివాళ్లూ వాడగలగాలి. ఆ తేడా తెలియకపోవడం మగవాళ్లలోనే ఎక్కువ. మీ వీధిలోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు, వాళ్లు బయటికి చెప్పుకోరు. ‘పేమెంట్ ఫెయిల్ అయింది’ అన్న సంగతి ఎర్ర చుక్కతో మాత్రమే చూపిస్తే వాళ్లకు తెలియదు, పక్కన మాట కూడా రాయాలి. ఇలాంటివి ఆలోచించే మనుషులకు పని ఉంటుంది.

ఇక ఆ ఆరు నెలల కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, ఉన్నవి ఉన్నట్టు చెబుతాను.

వాళ్లు నేర్పేది ఎక్కువగా తెర మీద పేజీలు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్. మంచి సాఫ్ట్‌వేరే, పైగా విద్యార్థులకు ఉచితం. కుట్టుమిషన్ తొక్కడం వచ్చినంత మాత్రాన కొలతలు తీయడం రాదు కదండీ. ఎవరి కోసం చేస్తున్నాం, ఏ పదం పెడితే అర్థమవుతుంది, ఏ రంగు ఎందుకు అని తర్కించడం రావాలంటే టైమ్ పడుతుంది, చేసిన పనిని చూసి తప్పులు పట్టే గురువు కావాలి. చాలాచోట్ల పాఠం చెప్పేది పోయిన బ్యాచ్‌లో పాసైన కుర్రాడే. అతన్ని నేను తప్పుపట్టను, అతనికి ఇంకా అనుభవం రాలేదు, అంతే.

రెండో అనుమానం, అందరి చేతా ఒకే ప్రాజెక్టులు చేయించడం. నా దగ్గరికి పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాలు) పట్టుకొచ్చే పిల్లల్లో ఎక్కువమంది చూపించేవి ఒక ఫుడ్ డెలివరీ యాప్, ఒక పాటల యాప్, ఒక ట్రావెల్ యాప్. అవే ఊదా రంగులు, అవే గుండ్రటి కార్డులు. ‘ఈ బటన్ ఇక్కడ ఎందుకు పెట్టావమ్మా’ అని అడిగితే జవాబు రాదు. ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే.

మూడోది పెద్దది. ఒక వాక్యం టైప్ చేస్తే పేజీ గీసి ఇచ్చే ఏఐ టూల్స్ వచ్చేశాయి. చూడ్డానికి బాగున్న పేజీకి ఇప్పుడు ధర పలకడం కష్టం. ఇంకోపక్క విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపువాళ్లు ఒకప్పుడు ఐదు పేజీల వెబ్‌సైట్ చేయించుకునేవారు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుంటున్నారు. కొత్తవాళ్లకు చేయి తిరగడానికి పనికొచ్చే ఆ చిన్న చిన్న పనులు తగ్గిపోతున్నాయి. ఆరు నెలల కోర్సు తయారు చేసేది సరిగ్గా ఆ పనికే. మంచి డిజైన్ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి, అక్కడ పోటీ గట్టిగా ఉంది. మొదటి ఉద్యోగానికి ఏడాది ఆలస్యం కావచ్చు. మీరు అందుకు సిద్ధపడాలి.

‘ఉద్యోగం గ్యారంటీ’ అన్న మాట పోస్టర్ మీద ఉందా, మీకిచ్చిన రసీదు మీద ఉందా? ఒకసారి తీసి చూడండి. పోయిన బ్యాచ్ పిల్లల్లో కొందరితో మాట్లాడిస్తారా అని అడగండి. డిజైనర్ ఉద్యోగమని చెప్పి టెలీకాలింగ్‌లో కూర్చోబెట్టిన పిల్లలు నాకు తెలుసు.

ఇప్పుడు మీతో ఒక మాట, కాస్త గట్టిగానే చెబుతాను. మీ అన్నయ్యగారి అబ్బాయి సెటిలయ్యాడు, సంతోషం. కానీ వాడి ఊసు ఈ ఉత్తరంలో ఎందుకండీ? మీ అమ్మాయి ఏం చేయగలదో చెప్పే సంగతులు రెండే రాశారు, ఆ రెండూ ఫిర్యాదులే. నానమ్మ కష్టం కనిపెట్టిన పిల్లను ‘ధ్యాస లేదు’ అన్నారు. శుభలేఖ గురించి అందరి ముందూ అనడం తొందరపాటే, ఆ మాట తనకు విడిగా చెప్పండి. పెళ్లివారు నొచ్చుకోకుండా చెప్పడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవలసిందే. కానీ పరువు పోయిందని మీరు ఇంట్లో రోజూ అంటుంటే ఆ పిల్ల రేపటినుంచి చూసింది చెప్పడం మానేస్తుంది. నా దగ్గరికి తల్లిదండ్రులతో వచ్చి, ‘నీకేం ఇష్టం తల్లీ’ అని అడిగితే నాన్న మొహం వైపు చూసే పిల్లలు ఎందరో. దయచేసి మీ అమ్మాయిని వాళ్లలో కలపకండి. ఇంకో సంగతి. మీరు అడ్వాన్సు కట్టేముందు తనను అడిగారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

పోలిక క్లుప్తంగా చెబుతాను. ప్రవేశ పరీక్షల సిలబస్ మీ అమ్మాయి ఈపాటికి చూసే ఉంటుంది, దాని జోలికి పోను.

డిజైన్ డిగ్రీ ఆమెకు సరిగ్గా సరిపోయేది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మీ ఇంటికి దూరమేం కాదు. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలై, ఇప్పుడు అమరావతి శాఖమూరులో సొంత క్యాంపస్‌లో ఉంది. అక్కడి కమ్యూనికేషన్ డిజైన్ ఈ దారికి దగ్గరగా ఉంటుంది. బాంబే ఐఐటీ నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాద్ ఐఐటీ సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్ ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. దరఖాస్తులు సంక్రాంతి లోపే అయిపోతాయి, గడువులు ఈరోజే చూసుకోండి. ప్రైవేటు డిజైన్ కాలేజీల జోలికి మాత్రం అప్పు చేసి వెళ్లకండి. అధ్యాపకులు ఎవరో, సీనియర్ల పని ఎలా ఉందో చూశాకే నిర్ణయించండి.

సీటు రాకపోతే? బీటెక్ సీఎస్‌ఈ చేసినా ఆమె వెబ్ డిజైనర్ కావచ్చు. కోడ్ తెలిసిన డిజైనర్ మాటకు టీమ్‌లో విలువ ఎక్కువ. ఈ దారిని మీరు ‘ముందు ఇది చేసి చావు, తర్వాత నీ ఇష్టం’ అన్నట్టు చెప్పకపోతే చాలు. ఇంటర్ మార్కులు ఏ దారికైనా కావాలి, ఆ విషయంలో మీ పట్టుదల సబబే. అమ్మాయికి నా మాటగా చెప్పండి, ఈ నాలుగు నెలలూ ఎంపీసీకి ఇమ్మని.

పరీక్షలయ్యాక కోర్సు లేకుండానే మొదలుపెట్టవచ్చు. సెర్న్ పరిశోధనా సంస్థ 1993 ఏప్రిల్ 30న వెబ్‌ను అందరికీ ఉచితంగా వదిలేసింది. పైగా ఏ వెబ్‌పేజీ తెరిచినా, బ్రౌజర్‌కు వచ్చిన దాని కోడ్‌ను అక్కడే చూడొచ్చు. వెబ్‌పేజీలు రాసే భాషలైన హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. మండలి, రామభద్ర లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి పని నేనిస్తాను. మీ వీధిలోని మందుల షాపుకో, టిఫిన్ సెంటర్‌కో తెలుగులో ఒక్క పేజీ తయారు చేయమనండి. ఆ షాపు యజమాని చేతికిచ్చి, ఆయన ఎక్కడ ఆగిపోతున్నాడో నోరెత్తకుండా చూడమనండి. ఫుడ్ డెలివరీ యాప్ బొమ్మ కంటే ఆ పేజీ ఇంటర్వ్యూలో ఎక్కువ పనికొస్తుంది.

అడ్వాన్సు 5 వేలు తిరిగి అడగండి. వాళ్లు ఇవ్వబోమంటే వదిలేయండి. ఆ 5 వేలు పోతాయని మిగతా 1.15 లక్షలు కట్టకండి, ఆ డబ్బు డిగ్రీకి ఉంచండి.

లాప్‌టాప్‌కి 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు, గేమింగ్ మోడల్ అక్కర్లేదు. ముఖ్యం స్క్రీన్. షాపులో ఒక ఫొటో తెరిచి, స్క్రీన్‌ని ముందుకూ వెనక్కూ వంచి చూడండి. వంచినప్పుడల్లా రంగు మారిపోతుంటే అది వద్దు, పక్కనుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ రకం స్క్రీన్ తీసుకోండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, స్క్రీన్ తననే ఎంచుకోనివ్వండి. కొనేది మాత్రం ఇంటర్ పరీక్షలయ్యాకే.