సొంత గ్రాఫిక్స్ ఇంజిన్ ఉన్న గేమ్ స్టూడియోలు కూడా అన్‌రియల్‌కి ఎందుకు మారుతున్నాయి?

ఇంజిన్ అంటే గేమ్‌ని నడిపే, తెర మీద బొమ్మని గీసే మూల సాఫ్ట్‌వేర్. అన్‌రియల్ అనేది ఎపిక్ గేమ్స్ కంపెనీ లైసెన్స్ మీద ఇచ్చే రెడీమేడ్ ఇంజిన్. సొంత ఇంజిన్ రాయడం కన్నా దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడానికే ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి మారుతున్నాయి. కొత్త కన్సోల్ వచ్చినా, డైరెక్ట్‌ఎక్స్ 12 లాంటి కొత్త ఏపీఐ (గేమ్ గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే మార్గం) వచ్చినా, రెండరర్‌ని, అంటే ఇంజిన్‌లో బొమ్మని గీసే భాగాన్ని, సవరించాలి. లెవెల్ ఎడిటర్, యానిమేషన్ టూల్స్ కూడా సొంతంగానే చూసుకోవాలి. పైగా ఆ ఇంజిన్‌ని బయటెక్కడా నేర్చుకునే వీలుండదు. కొత్తగా చేరినవాళ్లకి లోపలే నేర్పాలి. డాక్యుమెంటేషన్ సరిగ్గా లేకుండా, రాసినవాళ్లు వెళ్లిపోతే చిన్న మార్పుకి కూడా వారాలు పట్టొచ్చు. అసలు దెబ్బ ఇక్కడే.

పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 'సైబర్‌పంక్ 2077'ని సొంత రెడ్‌ఇంజిన్ మీదే చేసింది. 2022 మార్చిలో మాత్రం, కొత్త 'విచర్' గేమ్‌ని అన్‌రియల్ ఇంజిన్ 5 మీద చేస్తున్నట్టు ప్రకటించింది.

లైసెన్స్ తీసుకుంటే ఇంజిన్ ప్రోగ్రామర్లు అక్కర్లేదనుకోవడం పొరపాటు. అన్‌రియల్‌తో సోర్స్ కోడ్ కూడా వస్తుంది. పెద్ద స్టూడియోలు దాన్ని తమ గేమ్‌కి తగ్గట్టు మార్చుకుంటాయి. ఆ మార్పులు మరీ ఎక్కువైతే తర్వాతి వెర్షన్‌కి వెళ్లడం కష్టం. షేడర్లని (రంగులు, వెలుగునీడలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములని) ముందే కంపైల్ చేయకపోతే పీసీలో ఆట మధ్యలో కుదుపులొస్తాయి, వాటిని సరిచేయాల్సిందీ స్టూడియోనే. ఎపిక్‌కి కట్టే రాయల్టీ కూడా మొదటి డాలర్ నుంచే పడదు: మామూలు లైసెన్స్‌లో ఒక గేమ్ మొత్తం ఆదాయం 10 లక్షల డాలర్లు దాటాక, ఆ పై మొత్తం మీదే 5 శాతం.