చక్రం పట్టడానికి బ్రేక్‌ని అరగదీశారు... క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నా కారుకి వేరే కంపెనీ సెడాన్ నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ అల్లాయ్ వీల్స్ వేయించాను. ముందు చక్రాలు బ్రేక్ కాలిపర్‌కి (బ్రేక్ ప్యాడ్లని డిస్క్ మీదికి నొక్కే భాగానికి) రాసుకుంటుంటే షాపువాళ్ళు కాలిపర్‌ని కొంచెం గ్రైండింగ్ చేసి, మధ్యలో స్పేసర్ (చక్రాన్ని బయటికి జరిపే లోహపు బిళ్ళ) పెట్టారు. మూడు వారాలకి, చించినాడ వంతెన దాటి దిండి వైపు వెళ్తుండగా ఎడమ ముందు చక్రం స్టడ్స్ (చక్రాన్ని పట్టి ఉంచే బోల్టులు) విరిగి చక్రం ఊడిపోయింది. కారు పక్కకి లాగేసి మోపెడ్ మీద వెళ్తున్న ఒకాయనకి తగిలింది. ఆయన కాలు విరిగింది. పోలీసు కేసయింది. వీల్స్ మార్చారు కాబట్టి క్లెయిమ్ రాదని ఇన్సూరెన్స్ సర్వేయర్ అంటున్నారు. మీరు అడిగితేనే చేశామని షాపువాళ్ళు అంటున్నారు. ఆసుపత్రి ఖర్చు, కారు రిపేరు రెండూ నా నెత్తిన పడతాయా?

జవాబు: ముందు ఒక పని చేయండి. కారుకి ఇంకా రిపేరు మొదలుపెట్టకపోతే మొదలుపెట్టనివ్వకండి. విరిగిన స్టడ్ ముక్కలు, నట్లు, స్పేసర్, ఆ చక్రం, అరగదీసిన కాలిపర్ మీ కేసుకి ప్రాణం. స్టడ్ విరిగిన చోట లోహం ఎలా ఉందో చూస్తే, రోజూ కొంచెం కొంచెం చీలుతూ వచ్చి విరిగిందా, ఒక్కసారి దెబ్బకి విరిగిందా అన్నది నిపుణుడు చెప్పగలడు. మన ఉప్పుగాలికి ఆ ముఖం మీద తుప్పు పడితే ఆ ఆనవాలు పోతుంది. ముక్కల మీద పల్చగా నూనె రాసి ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచండి. పోలీసులు స్వాధీనం చేసుకుంటే పంచనామాలో వాటిని ఒక్కొక్కటిగా రాయించండి.

రెండో సంగతి మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు. మన ఊళ్ళలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటాం కదా, ఆయన. ప్రమాదం జరిగిన బండిని చూసి, యాంత్రిక లోపం వల్ల జరిగిందో లేదో ఆయన రాస్తారు. చాలా కేసుల్లో 'యాంత్రిక లోపం లేదు' అనే ఒక్క వాక్యంతో అది ముగుస్తుంది. మీ కేసులో ఆ వాక్యం పడితే తప్పంతా డ్రైవింగ్ మీదికే పోతుంది. స్పేసర్, గ్రైండింగ్ సంగతి ఆయనకి మీరే చెప్పండి, రాతపూర్వకంగా ఇవ్వండి. దాస్తే తర్వాత ఇన్సూరెన్స్ దగ్గరా కోర్టులోనూ మీ మాటకి విలువ ఉండదు.

ఇక మీ అసలు భయం. పాలసీ, లైసెన్స్ రెండూ అమల్లో ఉన్నాయనుకుని చెప్తున్నాను. కాలు విరిగినాయనకి రావలసిన పరిహారాన్ని వీల్స్ మార్చారన్న కారణంతో కంపెనీ ఎగ్గొట్టలేదు. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో థర్డ్ పార్టీ (మీ బండి వల్ల దెబ్బతిన్న బయటి వ్యక్తి) విషయంలో కంపెనీ చెప్పుకోగల అభ్యంతరాలు లెక్కపెట్టి ఉన్నాయి. లైసెన్స్ లేకపోవడం, పర్మిట్ లేకుండా బాడుగకి తిప్పడం, పందేలు, తాగి నడపడం లాంటివి అవి. చక్రాల మార్పు అందులో లేదు. ఆయన ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసుకోవాలి. ఈ గడువు సంగతి ఆయనకి తెలియకపోవచ్చు, మీరు వెళ్ళి చెప్పండి. పాలసీ కాపీ కూడా ఇవ్వండి.

మీ కారు రిపేరు క్లెయిమ్ దగ్గరే చిక్కు. సర్వేయర్ నోటిమాట తిరస్కరణ కింద లెక్కకాదు. ఆయన నష్టం అంచనా వేస్తారు, నిర్ణయం కంపెనీది. ఏ షరతు తప్పారో రాసి ఉత్తరం ఇమ్మనండి. 'కారు మార్చేశారు' అని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపిస్తే మీ దగ్గర సమాధానం ఉంది. బండి మూల స్వరూపాన్నే మార్చే నిర్మాణ మార్పుని ఆ సెక్షన్ 'ఆల్టరేషన్' అంటుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు కుదరవని గట్టిగానే చెప్పింది. అయినా అదే వ్యాసం (డయామీటర్) ఉన్న టైరుతో వేరే అల్లాయ్ వేసుకోవడం ఒక్కటే దాని కిందికి రాదని నా అభిప్రాయం.

కానీ కాలిపర్ అరగదీయడం వేరు. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను, కోర్టూ తీసుకోదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

మీరు మోడళ్ళ పేర్లు రాయలేదు. మారుతి స్విఫ్ట్ కారుకి హోండా సిటీ చక్రాలు వేయడాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రెండింటికీ నాలుగు స్టడ్స్, 100 మిల్లీమీటర్ల పీసీడీ (స్టడ్స్ అమరిన వలయం వ్యాసం). చక్రం చక్కగా కూర్చుంటుంది, అక్కడే మోసపోతాం. చక్రం మధ్య రంధ్రంలో కూర్చునే స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు, సిటీ చక్రం మధ్య రంధ్రం 56.1. ఆ రెండు మిల్లీమీటర్ల సందుని హబ్ రింగ్‌తో పూడ్చకపోతే చక్రం సరిగ్గా మధ్యకి రాదు, వణుకు మొదలవుతుంది. నట్టు కూర్చునే చోటు హోండా చక్రాల్లో గుండ్రంగా ఉంటుంది, మారుతి నట్టు కోన్ ఆకారం. కోన్ నట్టు గుండ్రటి గుంటలో సన్నటి గీత మీదే ఆనుతుంది, నడుస్తుండగా వదులవుతుంది. నట్లు అదలాబదలా చేద్దామన్నా స్టడ్ మరచుట్ల మధ్య దూరం స్విఫ్ట్‌కి 1.25, సిటీకి 1.5 మిల్లీమీటర్లు అని తేడా.

కాలిపర్‌కి రాసుకోవడానికి కారణాలు కూడా రకరకాలు. ఒక్కోసారి చక్రం లోపల అంటించిన బ్యాలెన్సింగ్ బరువులే తగులుతాయి. వాటిని పక్కకి జరిపి అంటిస్తే సరిపోతుంది, అరగదీయాల్సిన పనే లేదు. లేదంటే ఆఫ్‌సెట్ (చక్రం నడిమధ్య నుంచి హబ్‌కి ఆనే ముఖం వరకు దూరం) ఎక్కువై చక్రం లోపలికి వెళ్ళి ఊచలు కాలిపర్ ముఖానికి తగులుతాయి. సరైన ఆఫ్‌సెట్ ఉన్న చక్రం వేయడమే దానికి మందు. స్పేసర్ పెడితే దాని మందం మేరకు నట్టు పట్టే మరచుట్టు తగ్గిపోతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్ మీద నట్టు కనీసం 12 మిల్లీమీటర్లయినా ఎక్కాలన్నది మెకానిక్‌లు పాటించే లెక్క. పొడవైన స్టడ్స్ వేయకుండా స్పేసర్ పెట్టి ఉంటే మీ చక్రం ఎందుకు ఊడిందో అక్కడే తెలిసిపోవచ్చు.

అందుకే కంపెనీ బలమైన వాదన పాలసీలోని ఇంకో షరతు మీద ఉంటుంది: బండిని మంచి కండిషన్‌లో ఉంచాలి అన్నది. విరిగిన స్టడ్ యాంత్రిక లోపం కిందికి వస్తుంది కాబట్టి దాని ఖరీదు ఇవ్వరు, దానికోసం పట్టుబట్టకండి. గుద్దుకోవడం వల్ల జరిగిన నష్టం కోసం పోరాడండి. సొంత కారుని బాడుగకి ఇచ్చిన ఒక కేసులో కూడా సుప్రీంకోర్టు 2010లో క్లెయిమ్‌ని పూర్తిగా కొట్టేయకుండా 'నాన్ స్టాండర్డ్' పద్ధతిలో కొంత మొత్తం ఇప్పించింది. మీకూ పూర్తి మొత్తం రాకపోయినా కొంత వచ్చే అవకాశం ఉంది. కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఫలితం లేకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తేల్చే అధికారి) ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణ, యానాం కలిపి హైదరాబాద్ ఆఫీసు చూస్తుంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి.

'మీరు అడిగితేనే చేశాం' అన్న షాపువాళ్ళ మాటకి లొంగకండి. చక్రం మార్చమని మీరు అడిగారు. బ్రేక్ అరగదీయడం సురక్షితమో కాదో తెలియాల్సింది పని తెలిసినవాళ్ళకి. బిల్లు లేకపోతే ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మెసేజీలు, ఫొటోలు దాచండి. లీగల్ నోటీసు ఇచ్చి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయండి. మీరు నివసించే చోటే వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. ముక్కల్ని ల్యాబ్‌కి పంపమని కమిషన్‌ని కోరండి. అయితే 'ఇలా అయితే ప్రమాదం' అని వాళ్ళు చెప్పాక కూడా చేయమన్న మెసేజీ మీ ఫోన్‌లో ఉంటే, మీ లాయర్‌కి మొదటిరోజే చూపించండి.

పోలీసు కేసులో సాధారణంగా భారతీయ న్యాయ సంహిత 281 (నిర్లక్ష్యపు డ్రైవింగ్), 125(బి) (నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం) పెడతారు. మోటారు చట్టం 190 కూడా వస్తుంది, లోపమున్న బండి వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు లేదా 5 వేల జరిమానా లేదా రెండూ. షాపు మీద నమ్మకంతో నడిపారన్నది మీ డిఫెన్స్. స్టేషన్‌లో లాయర్ లేకుండా స్టేట్‌మెంట్ ఇవ్వకండి.

ఇంకొకటి. మీరు ఎడమ చక్రం గురించే రాశారు. కుడివైపు కాలిపర్ కూడా అరిగే ఉంటుంది, అక్కడా అదే స్పేసర్ ఉంటుంది. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయించండి. పరిశీలన పూర్తయ్యాక రెండు కాలిపర్లూ కొత్తవి వేయించి, పాత చక్రాలు బిగించేదాకా ఆ కారుని గట్టు రోడ్డు ఎక్కించకండి.