ఇద్దరు సైనికుల బొమ్మ ఉన్న చిన్న రోమన్ కంచు నాణెం ఎవరిది?

మీ దగ్గరున్న నాణెం ఎవరిదని అడిగారు. 17 మి.మీ. వెడల్పు, ఒకవైపు కుడికి తిరిగిన తల, రెండోవైపు ఈటెలతో ఇద్దరు సైనికులు, మధ్యలో సైనిక పతాకాలు అన్నారు కదా, రకం తేలిపోయినట్టే. ఇది 'గ్లోరియా ఎక్సెర్‌కిటుస్' (సైన్యపు కీర్తి) నాణెం. క్రీ.శ. 330–341 మధ్య రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్, ఆయన కొడుకులు వీటిని కుప్పలుగా ముద్రించారు. అరుదైనదేమీ కాదు.

ముందు పతాకాలు లెక్కపెట్టండి. రెండుంటే 330–335 నాటిది, ఒకటే ఉంటే 335 తర్వాతది. అప్పుడు బరువు కూడా సుమారు 2.5 గ్రాముల నుంచి 1.5 దాకా దించేశారు. అయితే అరిగిన నాణెం ఎలాగూ తేలిగ్గా తూగుతుంది కాబట్టి తూకం కన్నా పతాకాలనే నమ్మండి.

అందరూ బోల్తా పడేది నాణెం మీది లాటిన్ పేరు దగ్గరే. కాన్‌స్టాంటినుస్, కాన్‌స్టాంటియుస్, కాన్‌స్టాన్స్: ఒక్క అక్షరం అరిగితే తండ్రి కొడుకైపోతాడు. అందుకే పేరు కన్నా దాని తర్వాతి బిరుదు చూడండి. 'మాక్స్ ఏవీజీ' (MAX AVG, మహా చక్రవర్తి) అని ఉంటే మామూలుగా తండ్రి. 'నోబ్ సి' (NOB C) అని ఉంటే యువరాజు. దాని ముందు 'ఐవీఎన్' (IVN, చిన్నవాడు) కనిపిస్తే తండ్రి పేరే ఉన్న కొడుకు, రెండో కాన్‌స్టాంటైన్. తలమీది అలంకారం కూడా సాయం చేస్తుంది: వీటిలో చక్రవర్తికి మామూలుగా రత్నాల పట్టీ, యువరాజులకు ఆకుల దండ. 337లో తండ్రి పోయాక కొడుకులకూ 'ఏవీజీ' బిరుదు వచ్చింది, కానీ అవి ఒక పతాకం నాణేలు.

సైనికుల పాదాల కింద, గీతకు దిగువన ఉండేది టంకశాల గుర్తు. 'ఎస్‌ఎంఏఎన్' (SMAN) అంటే ఆంటియోక్ నగరం, 'ఎస్‌ఎంఏఎల్' (SMAL) అంటే అలెగ్జాండ్రియా. చివరి అక్షరం సగం చెరిగితే ఈ రెంటికీ తేడా తెలియదు. 'టీఆర్' (TR) అయితే ఇప్పటి జర్మనీలోని ట్రియర్. తూర్పు టంకశాలల్లో ఆ తర్వాత వచ్చే గ్రీకు అక్షరం ఏ విభాగం ముద్రించిందో చెబుతుంది.

చింతపండు, నిమ్మరసం మాత్రం ముట్టించకండి. పైనున్న గోధుమ, ఆకుపచ్చ పొర మురికి కాదు, మారిపోయిన లోహమే. అక్షరాల గీతలు మిగిలేది ఆ పొరలోనే. పులుపు దాన్ని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మట్టిని చెక్క పుల్లతో తీయండి. తుడిచినా మళ్లీ లేత ఆకుపచ్చ పొడి పుడుతుంటే అది లోహాన్ని తొలిచే తుప్పు. ఆ నాణెం వేరుగా, తేమ పీల్చే సిలికా జెల్‌తో పొడి డబ్బాలో ఉంచండి.

దీపపు వెలుగు పక్క నుంచి పడేలా రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టండి. పాదాల కింది అక్షరాలు స్పష్టంగా వస్తే టంకశాల కూడా చెప్పొచ్చు.