కారు దిగేటప్పుడు ఏం చెప్పాలి

ఒరేయ్ చిన్నోడా,

ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల కార్ల రేసులో, ఒకే కారును డ్రైవర్లు వంతులవారీగా తోలే ఆ పోటీలో, నీకు సీటు ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం పావు వంతు, బెంగ ముప్పావు. మీ నాన్న ఫోన్ లాక్కుని, "అన్నయ్యా, వాడికి నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. కారు ఎలా తోలాలో నేను చెప్పను. నాకంటే నీకే బాగా తెలుసు. నేను చెప్పాలనుకున్నది కారు దిగడం గురించి. అక్కడికి రావడానికి కాస్త టైం పడుతుంది, ఓపిక పట్టు.

ముందు ట్రాక్ సంగతి. ల్యాప్, అంటే ఒక చుట్టు, 13.626 కిలోమీటర్లు. అందులో చాలా భాగం మామూలు రోజుల్లో కార్లూ లారీలూ తిరిగే రోడ్డే. సిమ్యులేటర్‌లో వెయ్యి ల్యాపులు కొట్టి ఉంటావు, సరే. కానీ వాన నీళ్లు జారిపోవడానికి ఆ రోడ్డు నడుమ ఉబ్బుగా, అంచులకు వాలుగా ఉంటుంది. దాన్ని సైకిల్ మీద వెళ్లి కళ్లారా చూసుకో. ఎవరినైనా దాటడానికి ఇటునుంచి అటు మారితే, ఆ ఉబ్బు మీద కారు ఒక్క క్షణం తేలికైపోతుంది. మొదటిసారి నాకు గుండె నోట్లోకొచ్చింది.

మా రోజుల్లో ముల్సాన్ స్ట్రెయిట్, అంటే ఆ ట్రాక్‌లోని పొడవాటి తిన్నని రోడ్డు, ఆరు కిలోమీటర్లు ఏకధాటిగా ఉండేది. వేగం తగ్గించడానికి ఇప్పుడున్న రెండు చికేన్లూ, అంటే మెలిక మలుపులు, 1990లో పెట్టారు. అంతకు రెండేళ్ల ముందు, 1988లో, పెజో ఇంజిన్ ఉన్న డబ్ల్యుఎం అనే జట్టు కారు అక్కడ గంటకు 405 కిలోమీటర్లు అందుకుంది. మాది చిన్న జట్టు, ఆనాటి రేసు కార్ల విభాగమైన గ్రూప్ సిలో కింది తరగతి, సి2 కారు. మేం 300 దాటితేనే పండగ. అయినా దాదాపు నిమిషం పైన కాలు ఎత్తకుండా పోయేవాళ్లం. ఆ నిమిషంలోనే వేళ్లు సడలించుకునేవాణ్ణి, ఆయిల్ ప్రెషర్ చూసేవాణ్ణి, ఇంజిన్ వేడి చూసేవాణ్ణి. ఇప్పుడు స్ట్రెయిట్ మూడు ముక్కలైంది. ఆ ముక్కల్లోనే నువ్వూ ఊపిరి పీల్చుకో. స్టీరింగ్‌ని పిసికేవాళ్లకు రెండో గంటకే ముంజేతులు బిగుసుకుంటాయి.

నువ్వు తోలేది ఎల్ఎంజీటీ3. 62 కార్లలో అన్నిటికంటే నెమ్మదైన తరగతి. 24 గంటలూ ఎవరో ఒకరు నిన్ను దాటిపోతూనే ఉంటారు. మాదీ అదే బతుకు కనుక చెబుతున్నా, అందులో నామోషీ ఏం లేదు. అసలు ప్రమాదం అతి మర్యాదతో వస్తుంది. వెనక హైపర్‌కార్, అంటే అన్నిటికంటే వేగమైన తరగతి కారు, లైట్లు కనపడగానే పాపం దారిద్దామని పక్కకు జరిగితే, అవతలివాడు అప్పటికే ఆ పక్కనుంచి రావాలని నిర్ణయించుకుని ఉంటాడు. నీ లైను నువ్వు పట్టుకుని పో. దాటే బాధ్యత వాడిది. వాణ్ణి తికమక పెట్టకపోవడం నీది.

రాత్రి గురించి భయపడకు. జూన్‌లో అక్కడ చీకటి తక్కువే. అద్దంలో వెలుతురును తేరిపారా చూడొద్దు, అంతే. క్యాంపుల్లో మాంసం కాలుస్తున్న పొగ హెల్మెట్‌లోకి వస్తుంది, జెయింట్ వీల్ లైట్లు తిరుగుతూ కనిపిస్తాయి. ఒక్కోసారి నాకు ఆ లైట్లే తోడు. తెల్లవారుజామున గాలి చల్లబడి ఇంజిన్ హుషారుగా లాగుతుంది. ఆ గంటలో కారు నీ మాట విన్నట్టు ఇంకెప్పుడూ వినదు. తర్వాత సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు, హెల్మెట్ అద్దానికి పైన నల్ల స్ట్రిప్ అతికించుకో.

నిద్ర రాదు. రాకపోయినా పడుకో. తడిసిన బట్టలు మార్చుకుని, చెవులు మూసుకుని, కాళ్లు కాస్త ఎత్తున పెట్టుకుని పడుకో. టైమింగ్ స్క్రీన్ ముందు కూర్చున్నావో, ఆదివారం పొద్దున కాళ్లు నీవి కావు. ఇప్పుడు ఏ ఆరు గంటల్లోనూ నాలుగు గంటలకు మించి, మొత్తం మీద పద్నాలుగు గంటలకు మించి ఒకరు తోలకూడదని నియమం ఉంది. 1952లో పియర్ లెవెగ్ అనే ఫ్రెంచ్ డ్రైవర్ ఆ లెక్కేమీ లేకుండా దాదాపు 23 గంటలు ఒక్కడే తోలాడు. ల్యాపులకు ల్యాపులు ముందున్నాడు. గంట పైచిలుకు ఉందనగా ఇంజిన్ పోయింది. జతగాడు పిట్‌లోనే, అంటే కార్లు ఆగి పెట్రోలు పోయించుకుని డ్రైవర్లు మారే చోటే, ఉన్నాడు. ఎందుకు అప్పగించలేదన్న దాని మీద వాదనలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం ఆయన మీద జాలే. అప్పగించడం అంత తేలిక కాదురా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

1980ల చివర్లో ఒక రేసు. రాత్రి మూడు దాటింది. స్ట్రెయిట్‌కి ముందున్న టెర్ట్ర్ రూజ్ మలుపు దగ్గర వెనకనుంచి పెద్ద కారు వచ్చింది. నేను ఒక్క అర క్షణం అద్దంలోకి చూశాను. మలుపు బయటికి వచ్చేసరికి ఎడమ వెనక చక్రం అంచు మీదికెక్కి దేనికో తగిలింది. టక్కుమని చిన్న చప్పుడు. ఆ తర్వాత వేగం పెరిగినప్పుడల్లా సీటులో సన్నని వణుకు. ఇంకో రెండు ల్యాపుల్లో దిగిపోతాను. తగ్గిపోతుందిలే అనుకున్నాను. తగ్గలేదు, అలవాటైంది. రెండూ ఒకటి కావని అప్పుడు తెలీలేదు.

పిట్‌లోకి వచ్చాను. టైం కలిసొస్తుందని అవే టైర్లతో మరో విడత పంపాలన్నది మా జట్టు లెక్క. నేను ఒక్క మాటంటే చక్రాలు మార్చేవాళ్లు. పెట్రోలు పడుతోంది, నా జతగాడి బెల్టులు లాగి బిగిస్తున్నాను. వాడు చెవి దగ్గర అరిచాడు, "ఎలా ఉంది?" "బాగుంది, పో" అన్నాను. రాత్రంతా ఒక్క తప్పూ చెయ్యలేదన్న పేరు నాకు, దాన్ని పాడు చేసుకోవాలనిపించలేదు.

నాలుగో ల్యాపులో స్ట్రెయిట్ చివర్న, అక్కడుండే కుడి వంపు రాకముందు, టైరు పేలింది. వెనక భాగమంతా చీల్చుకుపోయింది. కారు రెయిలింగ్ వెంట రాసుకుంటూ పోయి ఆగింది. వాడు నడిచొచ్చాడు. అదృష్టం, అంతే. రోడ్డు మీద ఏదో ముక్క తగిలిందని జట్టువాళ్లు రాసుకున్నారు. నేను తలూపాను.

పదకొండేళ్ల తర్వాత వాడికి చెప్పాను. వాడు నవ్వి, "నాకప్పుడే అనుమానమొచ్చింది. ఆ రాత్రి నువ్వు హెల్మెట్ తియ్యకుండానే లోపలికెళ్లిపోయావు" అన్నాడు.

కాబట్టి ఇప్పటినుంచే సాధన చెయ్యి. బెల్టులు బిగించడానికి స్టాప్‌వాచీ పెట్టుకుని వందసార్లు చేస్తారు, నోరు తెరవడానికి ఎవరూ చెయ్యరు. మూడే మూడు మాటలు, అదే వరుసలో: టైర్లు ఎలా ఉన్నాయి, బ్రేకు ఎంత లోతుకు పోతోంది, నువ్వేం గుద్దావు. మూడోది ఏమీ లేకపోతే "ఏం తగల్లేదు" అని నోటితో చెప్పు, ఊరుకోకు. రేడియోలో ముందే చెప్పినా సరే, దిగాక మళ్లీ చెప్పు. ఎక్కేవాడు ఇంజనీరు మాట వినడు, నీ కళ్లు చూస్తాడు. హెల్మెట్ అద్దం పైకెత్తి చెప్పు.

ఆదివారం పొద్దున నీ విడత అయ్యాక వీలుంటే ఫోన్ చెయ్యి. ముందు కారు సంగతి చెప్పు, పొజిషన్ తర్వాత.

మీ పెదనాన్న