మన పిల్లలూ లెక్కలోకే వస్తారు

ఇంగ్లండ్‌లో ఇంటి దగ్గరే పిల్లల్ని చూసుకునే పని (చైల్డ్‌మైండింగ్) గురించి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. నేను చేసేదీ అదే పని కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: అక్కా, మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నేను డిపెండెంట్‌ని. గుంటూరు నుంచి మిల్టన్ కీన్స్ వచ్చి రెండేళ్లయింది. 3 ఏళ్ల బాబు, 8 నెలల పాప ఉన్నారు. మా వీధిలోని ఇద్దరు స్నేహితురాళ్లు ఏడాది నిండని తమ పిల్లల్ని నా దగ్గర వదిలి ఆఫీసుకు వెళ్తామంటున్నారు. డబ్బు చేతికే ఇస్తారట. రిజిస్ట్రేషన్ నిజంగా అవసరమా? నా ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రం.

జవాబు: వీసా అడ్డు కాదమ్మా. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లు స్వయం ఉపాధి చేసుకోవచ్చు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకైతే అది కుదరదు.

రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు. 8 ఏళ్ల లోపు పిల్లల్ని మీ ఇంట్లో, డబ్బు తీసుకుని, రోజుకు 2 గంటలకు మించి చూసుకుంటే ఆఫ్‌స్టెడ్‌లోనో (బడులనూ పిల్లల సంరక్షణనూ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ), చైల్డ్‌మైండర్లను నమోదు చేసుకునే ఏజెన్సీలోనో నమోదై ఉండాలి. డబ్బు చేతికిచ్చినా, బ్యాంకులో వేసినా ఒకటే. నమోదు లేకుండా చేస్తే నేరం.

అయితే దరఖాస్తుకంటే ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. ఒక చైల్డ్‌మైండర్ ఒకేసారి చూసుకోగలిగేది 8 ఏళ్ల లోపు పిల్లలు ఆరుగురిని. అందులో 5 ఏళ్ల లోపువాళ్లు ముగ్గురికి మించకూడదు, ఏడాది నిండనివాళ్లు ఒక్కరే. ఈ లెక్కలో మీ పిల్లలు కూడా ఉంటారు. చాలామంది మనవాళ్లు ఇక్కడే తడబడతారు. మీ బాబుకు ఒక చోటు, పాపకు ఒక చోటు పోతే చిన్నపిల్లల్లో ఇంకొక్కరికే చోటుంది. ఏడాది లోపు చోటు మీ పాపదే. సొంత బిడ్డ విషయంలో, తోబుట్టువుల విషయంలో కొంత వెసులుబాటు ఉంది గానీ, అందరినీ సరిగా చూసుకోగలరని తల్లిదండ్రులకూ తనిఖీకి వచ్చినవాళ్లకూ మీరే చూపించుకోవాలి. మీ స్నేహితురాళ్ల పిల్లలిద్దర్నీ తీసుకోవడం మాత్రం కుదరదు. బడికెళ్లే పిల్లల్ని ఉదయం, సాయంత్రం ముగ్గుర్ని తీసుకోవచ్చు. నన్నడిగితే మొదట్లో అదే నయం.

కాగితాలంటారా, 12 గంటల పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ (పిల్లల ప్రథమ చికిత్స) కోర్సు (3 ఏళ్లకోసారి మళ్లీ చేయాలి), చైల్డ్‌మైండింగ్ శిక్షణ, ఇన్సూరెన్సు, ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ (నేరచరిత్ర ఉందేమో చూసే తనిఖీ). ఈ డీబీఎస్ మీతో అయిపోదు, ఇంట్లో ఉండే 16 ఏళ్లు దాటిన ప్రతివారికీ కావాలి. మావారు చివరిదాకా నానబెట్టారు, నా దరఖాస్తు ఆయన కోసమే ఆగింది. డీబీఎస్ సర్టిఫికెట్ జారీ అయిన 30 రోజుల్లోపు, దాన్ని ఎప్పటికప్పుడు తాజాగా ఉంచే అప్‌డేట్ సర్వీస్‌లో చేరండి, లేకపోతే ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. మీరొచ్చి రెండేళ్లే కాబట్టి ఇండియా నుంచి పోలీసు క్లియరెన్సు కూడా అడుగుతారు, దానికి ఇప్పుడే పెట్టేయండి. అద్దె ఇల్లయితే ఇంటి ఓనర్ అనుమతి తీసుకోండి. అత్తమామలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారంటే టికెట్లు కొనకముందే ఆఫ్‌స్టెడ్‌కు చెప్పి, ఏం చేయాలో అడగండి.

ఇంటిని చూడటానికి ఆఫ్‌స్టెడ్ నుంచి ఒక అధికారి వస్తారు. మా ఇంటికి వచ్చినావిడ మెట్ల దగ్గరి గేటు, స్మోక్ అలారం చూశాక పూజగూటి ముందు నిలబడి, దీపం పిల్లల చేతికి అందుతుందా అని అడిగారు. ఆ సాయంత్రమే దాన్ని పై అరకు ఎక్కించాను. తిండి గురించి కూడా అడుగుతారు. ద్రాక్షపళ్లు నిలువుగా కోసి పెట్టాలి, గింజలు గింజలుగా వేరుశనక్కాయలు 5 ఏళ్ల లోపువాళ్లకు పెట్టకూడదు.

అసలు పరీక్ష వేరే ఉంది. ‘పిల్లాడి వీపు మీద వాత కనబడితే ఏం చేస్తారు?’ అని అడుగుతారు. ‘తల్లిని పక్కకు పిలిచి మాట్లాడతాను, నలుగురికీ తెలిస్తే వాళ్ల పరువు పోతుంది కదా’ అనాలనిపిస్తుంది మనకు. అది చాలదు. చూసింది తేదీతో రాసిపెట్టి, స్థానిక కౌన్సిల్ పిల్లల సంరక్షణ విభాగానికి తెలపాలి. అలాగే చెయ్యి చేసుకోవడం నిషిద్ధం. ‘ఒక్కటి తగిలించండి, ఏం పర్లేదు’ అని కన్నతల్లే చెప్పినా సరే. కొడతానని బెదిరించడం కూడా అందులోకే వస్తుంది. మన పెంపకంలో ఆ మాట నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో మీకూ తెలుసు.

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు, అలాగని పక్కన పెట్టేయనూ వద్దు. మందు సీసా మీది లేబుల్ చదవగలగాలి, అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి జరిగింది చెప్పగలగాలి. మీ తెలుగు మీకు బలమే. ఇంట్లో ఇంగ్లిష్ కాక వేరే భాష మాట్లాడే పిల్లలకు ఆటల్లో ఆ భాష వాడుకునే అవకాశం కల్పించాలని నిబంధనల్లోనే ఉంది.

ప్రశ్న: మేడం, నేను ఒక కుటుంబం దగ్గర నానీగా చేరబోతున్నాను. నాకూ రిజిస్ట్రేషన్ కావాలా? నన్ను సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా చేరమంటున్నారు.

జవాబు: పిల్లల ఇంటికి వెళ్లి చూసుకునేవాళ్లకు నమోదు తప్పనిసరి కాదు, ఇష్టమైతే చేసుకోవచ్చు. చేసుకుంటే తల్లిదండ్రులు టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ అనే ప్రభుత్వ సాయం వాడుకోగలరు, వాళ్లు 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 కలుపుతుంది. జీతం మాట్లాడుకునేటప్పుడు ఈ మాట పనికొస్తుంది. ఇక సెల్ఫ్ ఎంప్లాయ్డ్ అన్న మాటకు ఒప్పుకోకండి. వాళ్లింట్లో, వాళ్లు చెప్పిన వేళల్లో పనిచేసే నానీ మామూలుగా ఉద్యోగే. పేస్లిప్పు, కనీస వేతనం, ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు. కాగితం మీద రాయించుకున్నాకే చేరండి.

ప్రశ్న: మా అక్క కొడుకుని రోజంతా నేనే చూస్తాను. అక్క కొంత డబ్బిస్తుంది. తప్పా?

జవాబు: తప్పు కాదు. పిన్ని, మేనత్త, అమ్మమ్మ లాంటి దగ్గరి బంధువులకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అక్క స్నేహితురాలి కొడుకుని కూడా తీసుకుంటే అప్పుడు కావాలి.

ప్రశ్న: ఆఫ్‌స్టెడ్ రిజిస్ట్రేషన్ ఉంది. ఎడిన్‌బరోకు మారుతున్నాం. అక్కడ చెల్లుతుందా?

జవాబు: చెల్లదండీ. స్కాట్లండ్‌లో ఈ పని చూసే కేర్ ఇన్‌స్పెక్టరేట్‌కు కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. ఇక్కడి తల్లిదండ్రులకు ఎంత ముందు నోటీసివ్వాలో మీ కాంట్రాక్టులో ఉంటుంది, ఒకసారి తీసి చూడండి.