సమాధానం: ఆ మూడు 'ఏలియన్లు' గుడ్లగూబ పిల్లలండీ

మీ అమ్మగారికి వాట్సాప్‌లో 'ఇవి ఏలియన్లు, షేర్ చేయండి' అంటూ వచ్చిన వీడియో నిజమేనా అని అడిగారు కదా. అందులో తెల్లగా, నిటారుగా నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నవి బార్న్ ఔల్ అనే రకం గుడ్లగూబ పిల్లలు. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో కనిపించాయి.

వీడియో ఆపి దగ్గరగా చూడండి. ముఖం మధ్యలో కిందికి వంగిన పొడుగాటి ముక్కు, కాళ్లకు కొక్కేల్లాంటి గోళ్లు కనిపిస్తాయి. పెద్ద ఈకలు ఇంకా రాకపోవడంతో పొడవాటి కాళ్లు బయటపడి మనిషి ఆకారంలా అనిపిస్తుంది. పాపం, భయపెట్టేవి కావు, భయపడ్డవి!

గూగుల్ లెన్స్‌లో, అంటే బొమ్మ పెట్టి వెతికే యాప్‌లో, ఏమీ దొరకలేదన్నారు. స్క్రీన్‌షాట్ మొత్తం పెట్టి ఉంటారు. అలా పెడితే అది బొమ్మను వదిలేసి 'షేర్ చేయండి' అనే అక్షరాలను వెతకవచ్చు. ముఖాలు కెమెరా వైపు తిరిగిన చోట ఆపి, రాతలన్నీ పోయేలా ఒక్క పిల్ల వరకే కత్తిరించి వెతకండి. అప్పటికీ రాకపోతే బొమ్మను కుడి ఎడమలు మారేలా తిప్పి, అంటే ఫ్లిప్ చేసి, మళ్లీ ప్రయత్నించండి. ఫార్వర్డ్‌లలో తిప్పేసిన కాపీలు చాలా తిరుగుతుంటాయి. ఫలితాల్లో పాత తేదీ ఉన్నదే తెరవండి.

మీ ఇంటి అటక మీద నిజంగా ఇవే కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖకు ఫోన్ చేయండి. బుస వినిపిస్తే కంగారొద్దు, వాటి అరుపే అది.